అప్పుడేం రాశారు, ఇప్పుడేమంటున్నారు?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

2003లో ఇరాక్ మీద అమెరికా యుద్ధం తప్పదని వాదించిన వ్యాఖ్యాతల్లో చాలామంది ఇప్పటికీ పత్రికల్లోనూ టీవీల్లోనూ కొత్త యుద్ధాల మీద తీర్పులు చెబుతున్నారు. వాళ్ళ పాత మాటలకు జవాబుదారీ ఎలా అడగాలంటూ విశాఖపట్నం పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. ఇరాక్ యుద్ధాన్ని సమర్థించిన కాలమిస్టులు అప్పట్లో ఏం రాశారో మా విద్యార్థుల చేత ప్రాజెక్టుగా తవ్వించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్ని వ్యాసాలు చూడాలి?
(అధ్యాపకురాలు, మద్దిలపాలెం)

పదిమంది జోలికి పోకండమ్మా, ఒక్క కాలమిస్టును తీసుకోండి. కాలం 2002 సెప్టెంబరు 8 నుంచి 2003 మే 1 దాకా పెట్టుకోండి. ఇరాక్ అణ్వాయుధాల కోసం అల్యూమినియం గొట్టాలు కొంటోందన్న కథనం న్యూయార్క్ టైమ్స్‌లో మొదటి పేజీకెక్కింది ఆ సెప్టెంబరు 8నే. విమానవాహక నౌక మీద నిలబడి, ప్రధాన పోరాటం ముగిసిందని అమెరికా అధ్యక్షుడు బుష్ ప్రకటించింది ఆ మే 1న. వారానికి రెండు కాలమ్‌లు రాసే మనిషైతే ఈ మధ్యకాలంలో 70 దాకా వ్యాసాలుంటాయి. అన్నీ చదవాలి. నచ్చని నాలుగు వాక్యాలు ఏరుకుంటే ఎంతటివాడినైనా వెర్రివాడిగా చూపించవచ్చు, అలాంటి పనికి విలువ లేదు.

ఇంగ్లిషు వ్యాసాలు పత్రికల సొంత ఆర్కైవ్‌లలో దొరుకుతాయి. తీసేసిన పేజీలు చాలావరకు, పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఉంటాయి. చిక్కంతా తెలుగుతోనే. ఆ రోజుల్లో మన పత్రికల వెబ్‌సైట్లు అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ వాడేవి కావు, ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. అందుకే ఇప్పుడు తెలుగులో టైపు చేసి వెతికితే 2003 నాటి వ్యాసం తగలదు. పాత పేజీ తెరిచినా గజిబిజి రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. వాటిని చూసి ఫైలు పాడైపోయిందనుకుని వదిలేయకండి. ఆ పత్రిక ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ దొరికితే చదవవచ్చు.

అంతకన్నా నమ్మకమైన దారి బైండు చేసిన కాగితమే. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలోనూ ఏ పత్రికకు ఏయే నెలల బైండ్లున్నాయో ముందు కనుక్కుని, కాలేజీ నుంచి ఉత్తరం పట్టుకుని వెళ్ళండి. సముద్రపు తేమకు న్యూస్‌ప్రింట్ పెళుసుబారి ఉంటుంది. జిరాక్సు మిషను మీద బోర్లిస్తే బైండు వెన్ను విరుగుతుంది. ఫోనుతో ఫొటో తీయండి. ప్రతి ఫొటోలో పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య పడాలి. వ్యాసం ఒక్కటే దగ్గరగా తీసుకొచ్చి తర్వాత తేదీ కోసం తల పట్టుకోవడం అందరూ చేసే పొరపాటు.

తేదీల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. దాడి మొదలైనప్పుడు బాగ్దాద్‌లో మార్చి 20 తెల్లవారుజాము, వాషింగ్టన్‌లో మార్చి 19 రాత్రి, మనకు మార్చి 20 ఉదయం 8 గంటల ప్రాంతం. అంటే విశాఖలో మార్చి 20న ఇంటికొచ్చిన పేపరు యుద్ధానికి ముందు అచ్చయినది, 21వ తేదీది తర్వాతది. బయటి నుంచి తెచ్చి వేసుకున్న అనువాద వ్యాసాలు మూలం కంటే కొన్ని రోజులు ఆలస్యంగా వస్తాయి కాబట్టి రెండు తేదీలూ రాసుకోవాలి. ఇక్కడి డెస్కులో స్థలం కోసం వాక్యాలు కత్తిరిస్తారు. మూలం చూడకుండా ఆ కాలమిస్టు మీద ఏ నిర్ణయానికీ రావద్దు.

ప్రశ్న: ఏరిన వాక్యాలకు మార్కులు వేయడం ఎలా? "ఇరాక్ పాలకుడు సద్దాం దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయి", "యుద్ధం వారాల్లో ముగుస్తుంది", "నియంతను దించడం ధర్మం" అన్న మూడింటినీ ఒకే గాటన కట్టవచ్చా?
(పరిశోధక విద్యార్థి, సీతమ్మధార)

కట్టకూడదు. మొదటిది వాస్తవం గురించిన మాట, రెండోది జోస్యం, మూడోది విలువల తీర్పు. మూడోదాన్ని ఫలితం చూపించి తప్పనలేం. అదే విలువను మరో దేశం విషయంలోనూ పాటించాడా అని మాత్రం అడగవచ్చు. కాబట్టి నోటుపుస్తకంలో ప్రతి వాక్యం పక్కనా ముందు దాని జాతి రాయండి. తర్వాత అన్న తేదీ, ఎంత ధీమాగా అన్నాడు, ఎప్పటిలోగా జరుగుతుందన్నాడు, ఆ రోజుకు దానికి విరుద్ధంగా బహిరంగంగా ఏ సమాచారం ఉంది, చివరికి ఏమైంది, తెలిశాక ఏమన్నాడు అన్నవి వరసగా నింపండి. చివరి గడి అసలు ప్రాణం. చాలామందికి అది ఖాళీగానే మిగులుతుంది, ఆ ఖాళీని కూడా నమోదు చేయాలి.

ధీమాను అంకెలోకి మార్చే కొలత ముందే ఒప్పుకోండి. "ఖచ్చితంగా", "సందేహం లేదు" అంటే 95 శాతం, "చాలావరకు" అంటే 80, "బహుశా" అంటే 65. ఈ అంకెలే సరైనవని మేమనడం లేదు. మొదటి వ్యాసం నుంచి చివరిదాకా అవే వాడటం ముఖ్యం. ఇద్దరు విద్యార్థులు ఒకరి పుస్తకం ఒకరు చూడకుండా మార్కులేయాలి. తేడా వచ్చిన వాక్యాలు మూడో మనిషికి ఇవ్వండి. కాలమిస్టు పేరు కప్పేసి ఇస్తే ఇంకా మంచిది.

లెక్క సులువే. జరిగితే 1, జరగకపోతే 0. చెప్పిన శాతానికీ జరిగినదానికీ ఉన్న తేడాను అదే సంఖ్యతో హెచ్చించాలి. 0.95 ధీమాతో చెప్పింది జరగకపోతే 0.95 ఇంటూ 0.95, అంటే 0.90. అదే మాట 0.65తో చెప్పి ఉంటే 0.42. ఏ ప్రశ్నకైనా సగానికి సగం అనే మనిషికి ఎప్పుడూ 0.25 వస్తుంది. సగటు ఆ 0.25 దాటితే అతని ధీమా పాఠకుడికి నష్టమే చేసిందని అర్థం. దీన్ని బ్రయర్ స్కోరంటారు. 1950లో దీన్ని ప్రతిపాదించిన గ్లెన్ బ్రయర్ వాతావరణ నిపుణుడు. మన ఊరివాళ్ళకు ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. తుపాను తీరం దాటాక వాతావరణ శాఖ తన అంచనా 24 గంటల ముందు ఎన్ని కిలోమీటర్లు తప్పింది, 48 గంటల ముందు ఎంత తప్పింది అని విడివిడిగా లెక్కగట్టి బయటపెడుతుంది. హుద్‌హుద్ చూసిన ఊరికి ఆ లెక్క విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. లక్షకు పైగా పౌరుల ప్రాణాలు, 4,400 మందికి పైగా అమెరికా సైనికుల ప్రాణాలు పోయిన యుద్ధానికి ఊతమిచ్చిన కలాలకు ఆపాటి లెక్క ఎందుకు ఉండకూడదు?

గడువు లేని జోస్యాలతో జాగ్రత్త. ఇరాక్‌లో "వచ్చే ఆరు నెలలే" కీలకమని న్యూయార్క్ టైమ్స్ కాలమిస్టు థామస్ ఫ్రీడ్‌మన్ 2003 నుంచి 2006 దాకా మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఏ ఒక్క వ్యాసం విడిగా చదివినా తప్పు పట్టలేం. వరసగా పెడితేనే గడువు ముందుకు జరుగుతూ పోవడం కనిపిస్తుంది. "సరిగ్గా నడిపితే గెలుస్తాం" లాంటి షరతుల వాక్యాలకు మార్కులు వేయకండి, వేరే పేజీలో రాయండి. ఆ పేజీ నిండిందంటే, తప్పించుకునే సందులు ముందే పెట్టుకున్న మనిషని దానికదే చెబుతుంది.

పేరు పెద్దదైతే మాట నిజమవుతుందన్న భ్రమ కూడా పిల్లలకు పోవాలి. అమెరికా పరిశోధకుడు ఫిలిప్ టెట్లాక్ 284 మంది నిపుణుల చేత ఏళ్ళ తరబడి చెప్పించిన 80 వేలకు పైగా అంచనాలను ఇలాగే లెక్కించి 2005లో ప్రచురించాడు. మీడియాలో ఎక్కువ పేరున్నవాళ్ళ అంచనాలు మిగతావాళ్ళకంటే మెరుగ్గా లేవు సరికదా, తీసికట్టుగా తేలాయి. ఒకే పెద్ద సిద్ధాంతంతో లోకాన్నంతా వివరించేవాళ్ళు టీవీకి నచ్చుతారు, గురి తప్పేదీ వాళ్ళే ఎక్కువ.

ప్రశ్న: "అప్పట్లో అందరూ అలాగే నమ్మారు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూసి నిందించడం తేలిక" అంటారు కదా. అందులో న్యాయం లేదా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, గాజువాక)

కొంత ఉంది మాస్టారూ. 2002 అక్టోబరులో ఒక కాలమిస్టుకు తెలియనిది మనకిప్పుడు తెలుసు. ఆ తెలిసినదాంతో అతన్ని కొట్టకూడదు. అందుకే పై పట్టికలో "ఆ రోజుకు తెలిసిన విరుద్ధ సమాచారం" అన్న గడి పెట్టమన్నాం. "అందరూ" అన్న మాట మాత్రం నిజం కాదు. 2002 అక్టోబరులో అమెరికా సెనేట్ యుద్ధానికి అధికారమిచ్చినప్పుడు 77 మంది ఔనన్నారు, 23 మంది కాదన్నారు. నైట్ రిడ్డర్ వార్తా సంస్థ విలేకరులు జొనాథన్ లాండే, వారెన్ స్ట్రోబెల్ నిఘా వర్గాల్లోనే అనుమానాలున్నాయని యుద్ధానికి ముందే వరసగా రాశారు. 2003 ఫిబ్రవరి 15న యుద్ధం వద్దంటూ ప్రపంచమంతా జనం వీధుల్లోకొచ్చారు. ఇరాక్‌ను అదుపులో పెట్టడానికి కొన్ని లక్షల మంది సైనికులు కావాలని ఫిబ్రవరి 25న అమెరికా సైన్యాధిపతి ఎరిక్ షిన్‌సెకి సెనేట్ కమిటీకి చెబితే, ఆ అంచనా పూర్తిగా తప్పని రెండు రోజులకే రక్షణ ఉపమంత్రి వోల్ఫోవిట్జ్ కొట్టిపారేశాడు. యుద్ధాన్ని ఒప్పుకోలేక మార్చి 17న బ్రిటన్ మంత్రి రాబిన్ కుక్ రాజీనామా చేశాడు.

ఏ కాలమిస్టునైనా పరీక్షించడానికి మేము గీసే గీత 2003 మార్చి 7. ఆ రోజు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ భద్రతా మండలిలో రెండు మాటలు బహిరంగంగా చెప్పాడు. ఇరాక్ నైజర్ నుంచి యురేనియం కొనబోయిందనడానికి చూపిన పత్రాలు అసలైనవి కావు. అల్యూమినియం గొట్టాలు యురేనియం శుద్ధికి ఉద్దేశించినవనడానికి ఆధారం కనబడలేదు. మిగిలిన తనిఖీలకు కావలసింది కొన్ని నెలలని అదే రోజు ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ చెప్పాడు. యుద్ధం మొదలైంది 13 రోజుల తర్వాత. ఫిబ్రవరి 5న భద్రతా మండలిలో ఇరాక్ ఆయుధాల మీద అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ చేసిన ప్రసంగం విని నమ్మినవాణ్ని అర్థం చేసుకోవచ్చు. ఆ 13 రోజుల్లో ఏం రాశాడన్నది చూడండి. ఎల్‌బరాదీ మాటను ప్రస్తావించి, దాన్ని ఎదుర్కొని, అయినా యుద్ధం కావాలన్నవాడు వేరు. అసలు ఎత్తనే ఎత్తనివాడు వేరు. వద్దన్నవాళ్ళను పిరికివాళ్ళని, దేశద్రోహులని రాసినవాడు మరీ వేరు. మా దృష్టిలో అన్నింటికన్నా బరువైన తప్పు ఆ మూడోది. అంచనా తప్పడం ఎవరికైనా ఉన్నదే. సరిగ్గా చెప్పిన గొంతును ఎగతాళితో నొక్కడం వల్ల పాఠకుడికి రెండో దారే కనపడకుండా పోయింది.

ఆయుధాలు లేవని అమెరికా సొంత సర్వే బృందమే 2004 అక్టోబరు నివేదికలో తేల్చింది. బ్రిటన్‌లో ఇరాక్ యుద్ధం మీద జరిగిన చిల్కాట్ విచారణ 2016 జులై 6న 12 సంపుటాలతో ముగిసింది. శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారన్నది అందులో ఒక నిర్ణయం. ప్రభుత్వాల మీద విచారణ జరిగింది. వ్యాఖ్యాతల మీద ఎవరూ జరపరు, జరపకూడదు కూడా. అది ప్రభుత్వం చేతికిస్తే నోళ్ళు నొక్కే పని అవుతుంది. పాఠకులు, తోటి విలేకరులు, సంపాదకులు చేయాల్సిన పని ఇది.

మన దేశపు పుటలు కూడా తిరగేయండి. 2003 వేసవిలో అమెరికా మనల్ని ఒక డివిజన్ సైన్యం, అంటే సుమారు 17 వేల మందిని ఇరాక్ పంపమని అడిగింది. పంపాలని గట్టిగా రాసినవాళ్ళు మన ఇంగ్లిషు పత్రికల్లోనూ ఉన్నారు. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపేది లేదని వాజపేయి ప్రభుత్వం జులై 14న నిర్ణయించింది. నెల తిరిగేసరికి, ఆగస్టు 19న బాగ్దాద్‌లో సమితి కార్యాలయం మీదే బాంబు దాడి జరిగి 22 మంది చనిపోయారు. పంపమన్నవాళ్ళు ఆగస్టు 20 తర్వాత ఏం రాశారో వెతకడం మీ ఊరి గ్రంథాలయంలోనే అయ్యే పని.

ప్రశ్న: మా కాలనీలో నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్ళు చాలామందిమి ఉన్నాం. టీవీ చర్చల్లో మాజీ సైనికాధికారులు చెప్పేదాన్ని జనం ఎక్కువ నమ్ముతారు. వాళ్ళను ఏమని ప్రశ్నించాలి?
(మాజీ నావికుడు, మల్కాపురం)

యూనిఫాం వేసుకున్న అనుభవం నిజమైనదే. దాని వెనక ఇంకేముందో చెప్పమని అడగడం అగౌరవం కాదు. 2008 ఏప్రిల్ 20న న్యూయార్క్ టైమ్స్‌లో డేవిడ్ బార్‌స్టో రాసిన పరిశోధన చదవండి. అమెరికా టీవీల్లో ఇరాక్ యుద్ధం మీద స్వతంత్ర విశ్లేషకులుగా కనిపించిన మాజీ అధికారుల్లో చాలామందికి రక్షణ కాంట్రాక్టర్ల కంపెనీలతో సంబంధాలున్నాయి. ఏం మాట్లాడాలో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ వాళ్ళకు విడిగా చెప్పి పంపేది. ఈ రెండూ ప్రేక్షకులకు తెలియవు. పత్రిక కోర్టుకు వెళ్ళి గెలిచాకే ఆ పత్రాలు బయటికొచ్చాయి.

కాబట్టి ఛానల్‌కు రాసేటప్పుడు అడగాల్సినవి ఇవి: ఈ అతిథి ఏ రక్షణ కంపెనీలోనైనా డైరెక్టరా, సలహాదారా, ఏజెంటా? అతని అభిప్రాయానికి ఆధారం సొంత అనుభవమా, ప్రభుత్వం ఇచ్చిన బ్రీఫింగా? కంపెనీ పేరు తెలిస్తే కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో ఆ కంపెనీ వివరాలు తెరిచి డైరెక్టర్ల పేర్లు చూడవచ్చు. ఒకే పేరుతో ఇద్దరుండవచ్చు, పేరు కలిసిందని అతనే అనుకోకండి. సలహాదారుల పేర్లు అందులో ఉండవు.

మన దగ్గరి ఉదాహరణ మీకు గుర్తుండే ఉంటుంది. 2025 మే 8 రాత్రి మన నౌకాదళం కరాచీ రేవు మీద దాడి చేసిందని కొన్ని ఛానళ్ళు గంటల తరబడి చెప్పాయి. అలాంటి దాడి జరగలేదు. 1971 డిసెంబరు 4న నిజంగా జరిగిన కరాచీ దాడిని ఏటా నేవీ డేగా జరుపుకునే ఊళ్ళో, ఆ రాత్రి ఇంటివాడు నౌక మీద ఉన్న కుటుంబాలు ఆ స్క్రోలింగ్ చూస్తూ కూర్చున్నాయి. ఆ చర్చల్లో కూర్చున్నవాళ్ళు మర్నాడు ఏమన్నారో రాసి ఉంచడం మీలాంటివాళ్ళకే బాగా చేతనవుతుంది.

ప్రశ్న: టీవీలో అన్న మాట మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలి? పాత పత్రిక వ్యాసం మీద చేయవచ్చా?
(గృహిణి, ఎంవీపీ కాలనీ)

టీవీకి మూడు మెట్లున్నాయి. మొదట ఛానల్ ఫిర్యాదుల అధికారికి రాయాలి. వాళ్ళు 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లోపు ఆ ఛానల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకు, అక్కడా కాకపోతే కేంద్ర సమాచార ప్రసార శాఖకు. ఇది కేబుల్ టీవీ నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం. ఛానళ్ళు తమ ప్రసారాల రికార్డును 90 రోజులే ఉంచాలి. ఆలస్యం చేస్తే సాక్ష్యమే పోతుంది, ప్రసారమైన వారంలోపే పంపేయండి. తేదీ, కార్యక్రమం పేరు, మాట వచ్చిన సమయం నిమిషాలతో సహా, అన్న వాక్యం యథాతథంగా, అది తప్పని చూపే ఆధారం ఉండాలి. "రెచ్చగొట్టేలా ఉంది" అని మాత్రమే రాస్తే పక్కన పడేస్తారు.

పత్రికకైతే ముందు సంపాదకుడికి రాసి, తర్వాత ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్ళాలి. దిన, వారపత్రికలకు అచ్చయిన 2 నెలల్లోపు, మిగతావాటికి 4 నెలల్లోపు. 2003 వ్యాసానికి ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. పైగా కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, జరిమానా వేయలేదు.

ప్రశ్న: పాత వాక్యాలు బయటపెడితే పరువు నష్టం కేసు పెడతారేమో?
(జర్నలిజం విద్యార్థి, మధురవాడ)

భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనే మినహాయింపులున్నాయి. ప్రజాహితం కోసం చెప్పిన నిజం, బహిరంగ విషయంలో మనిషి నడవడి మీద సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం వాటిలో ఉన్నాయి. విమర్శ కోసం కొన్ని వాక్యాలు ఉటంకించడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. వాక్యాన్ని మధ్యలో తుంచకండి, ముందూ వెనకా ఒక్కో వాక్యం కలిపి ఇవ్వండి. "డబ్బు తిని రాశాడు" లాంటి ఉద్దేశాలు ఆధారం లేకుండా అంటగట్టకండి, కేసులు వచ్చేది అక్కడే. ప్రచురించే ముందు ఆ వ్యక్తికి మీ పట్టిక పంపి జవాబుకు వారం గడువివ్వండి. వచ్చిన జవాబును కత్తిరించకుండా పక్కనే వేయండి.

ప్రశ్న: తప్పు ఒప్పుకున్నవాళ్ళను మళ్ళీ చదవాలా? ఒప్పుకోనివాళ్ళను ఏం చేయాలి?
(బ్యాంకు ఉద్యోగి, అక్కయ్యపాలెం)

ఒప్పుకున్న తీరును బట్టి. 2004 మే 26న న్యూయార్క్ టైమ్స్ తన యుద్ధపూర్వ వార్తల మీద సంపాదకుల వివరణ వేసింది. ఏ కథనాలు తప్పాయో చెప్పింది, సద్దాంను దించాలని పట్టుబట్టిన ఇరాక్ ప్రవాసుల మాటల మీద ఆధారపడటం ఎలా దెబ్బతీసిందో చెప్పింది. అయితే విలేకరుల పేర్లు రాయలేదు. ఆ వార్తల్లో కొన్ని మొదటి పేజీలో వస్తే, వివరణ లోపలి పదో పేజీలో వచ్చింది. సగం పని జరిగింది. "తప్పు జరిగింది" అంటే చాలదు. ఏ తేదీన ఏం రాశాను, ఎవరి మాట నమ్మాను, ఎందుకు నమ్మాను, ఇకపై ఏం పరీక్షించి రాస్తాను అన్న నాలుగూ ఉంటే ఆ మనిషిని నిశ్చింతగా చదవండి. తన తప్పు ఎక్కడ పుట్టిందో తెలిసిన రచయిత అరుదు.

ఒప్పుకోనివాళ్ళ రాతలు మాన్పించమని మేము చెప్పం. అడగాల్సింది వాళ్ళకు చోటిచ్చేవాళ్ళను. యుద్ధాన్ని ప్రశ్నించే గొంతులకు చోటిచ్చిన ఫిల్ డోనహ్యూ కార్యక్రమాన్ని అమెరికా టీవీ ఛానల్ ఎంఎస్ఎన్‌బీసీ 2003 ఫిబ్రవరిలో ఆపేసింది. యుద్ధానికి అందరికన్నా ముందు నిలబడి పిలుపునిచ్చిన అమెరికా వ్యాఖ్యాత బిల్ క్రిస్టల్‌కు న్యూయార్క్ టైమ్స్ 2008లో కాలమ్ ఇచ్చింది. సరిగ్గా చెబితే నష్టం, తప్పు చెబితే మెట్టు పైకి అన్నట్టు నడిస్తే ఇక ఎవరు జాగ్రత్తగా రాస్తారు?

మీ పత్రికలో అలాంటి కాలమ్ వచ్చిన రోజే సంపాదకుడికి ఉత్తరం రాయండి. 150 మాటలు మించకూడదు, ఒకే వాక్యం ఎత్తుకోవాలి. "ఫలానా తేదీన మీ రచయిత ఇలా రాశారు. జరిగింది ఇది. ఈ రోజు అదే ధీమాతో ఇలా రాశారు. పాత అంచనా గురించి ఒక్క వాక్యమైనా ఈ కాలమ్ కింద వేయగలరా?" అంతే. తిట్టు ఒక్కటి దొర్లినా ఉత్తరం చెత్తబుట్టలో పడుతుంది. వేయకపోతే రెండు వారాలాగి, తేదీ వేసి మళ్ళీ పంపండి. పాత వ్యాసం ఫొటో రెండుసార్లూ జతచేయండి.